నెట్టు పోతే... ప్రోగ్రాం ఫెయిలా?

రేషన్ దుకాణంలో వేలిముద్ర వేసి నిలబడితే 'సర్వర్ పనిచేయట్లేదమ్మా, సాయంత్రం రా' అంటారు. బ్యాంకుకెళ్తే 'సిస్టమ్ డౌన్' అంటారు. తప్పు వేలిదా, మిషన్‌దా, నెట్టుదా? నిలబడ్డవాళ్లకి తెలీదు. చాలాసార్లు మిషన్ పట్టుకున్నవాళ్లకీ తెలీదు. చిత్రమేమిటంటే, ప్రోగ్రాములు రాసే ఇంజినీర్లకీ ఇదే తికమక! రాసింది సరిగా ఉందో లేదో తేల్చుకోవడానికి పెట్టుకున్న పరీక్షే నెట్టు మీద ఆధారపడితే... ఫెయిలైంది ప్రోగ్రామా, నెట్టా?

హిందూపురం నుంచి బెంగళూరు సుమారు నూరు కిలోమీటర్లు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం... మూడూ బెంగళూరు వెళ్లే రైలుదారిలోనే ఉన్నాయి. అందుకే 'మావాడు బెంగళూరులో సాఫ్ట్‌వేరు. టెస్టింగ్ చేస్తాడు' అనే మాట ఈ ఊళ్లకి కొత్త కాదు. టెస్టింగ్ అంటే ఏం చేస్తాడని అడిగితే మాత్రం ఇంట్లోవాళ్లు నవ్వి ఊరుకుంటారు. అబ్బాయి ఎంత చెప్పినా ఆ సంగతి బుర్రకెక్కదు మరి! నిజానికి ధర్మవరం నేతగాళ్లకి అది బాగా తెలిసిన విషయమే.

చీర చెడితే తప్పెవరిది?

ధర్మవరం పట్టుచీర ఒక్కరి చేతిలో తయారవదు. రైతులు పట్టుగూళ్లని హిందూపురం మార్కెట్‌కి తెస్తారు. రీలర్లు వాటినుంచి దారం తీస్తారు. జరీ సూరత్ నుంచి వస్తుంది. రంగులద్దేది ఒకరు, పడుగు సిద్ధంచేసేది మరొకరు, జకార్డు అట్టల మీదికి డిజైను ఎక్కించేది ఇంకొకరు. అన్నీ అయ్యాక మగ్గం ముందు కూర్చునేది నేతగాడు. తీరా చీర దించాక అంచులో ఎక్కడో తేడా కనిపించిందనుకోండి. తప్పెవరిది? నేతదేనంటూ కూలి కోసేస్తే అన్యాయం. దారాన్ని చూడాలి, రంగుని చూడాలి, అట్టని చూడాలి. ఒక్కోదాన్నీ విడదీసి చూస్తేగానీ అసలు దోషం దొరకదు.

సాఫ్ట్‌వేరూ అంతే. పదిమందికీ అవసరపడే ఒక పనిని ఒకరు రాసి, మూటగట్టి పెడతారు. దాన్నే 'ప్యాకేజీ' అంటారు. మిగతావాళ్లు దాన్ని తెచ్చుకుని తమ ప్రోగ్రాముల్లో వాడుకుంటారు. గణాంకాల లెక్కలకు వాడే 'ఆర్' అనే కంప్యూటర్ భాష ఉంది. ఆ భాషకు సంబంధించిన ప్యాకేజీలు దొరికే ప్రధాన భాండాగారం పేరు 'క్రాన్'. అందులోనే 20 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. వీటిలో జీతం లేకుండా ఇష్టంకొద్దీ రాసిపెట్టినవీ ఎన్నో.

మంచి ప్యాకేజీ వెంట దాని పరీక్షలూ ఉంటాయి. 'ఇది అడిగితే ఆ జవాబు రావాలి' అని ముందే రాసిపెట్టుకున్న ప్రశ్నలవి. ప్రోగ్రాంలో చిన్న మార్పు చేసినా కంప్యూటర్ వాటన్నిటినీ మళ్లీ మొదట్నుంచీ అడుగుతుంది. అన్నీ సరిపోతే పచ్చరంగు చూపిస్తుంది. ఒక్కటి తప్పినా ఎర్రరంగే!

515201... ఏ జిల్లా?

ఓ ఉదాహరణ చూద్దాం. పిన్‌కోడ్ చెబితే ఊరినీ జిల్లానీ చెప్పే ప్యాకేజీ ఒకటి ఉందనుకోండి. ధర్మవరం చీరల్ని పార్సిల్ చేసే దుకాణాలకి భలే ఉపయోగం. 515201 కొడితే హిందూపురం, 515110 కొడితే పెనుకొండ, 515671 కొడితే ధర్మవరం అని రావాలి. ఆ వివరాలేవీ ప్యాకేజీలో ఉండవు. అది ప్రతిసారీ నెట్టులోకి వెళ్లి ఓ వెబ్‌సైట్‌ని అడిగి తెచ్చుకుంటుంది.

దీన్ని రాసిన అబ్బాయి 2021లో ఓ పరీక్ష పెట్టుకున్నాడనుకుందాం: '515201 అని అడిగితే హిందూపురం, అనంతపురం జిల్లా అని రావాలి'. అడిగాడు, వచ్చింది. పచ్చ! హాయిగా పడుకున్నాడు.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ అందులోకి వెళ్లాయి. వెబ్‌సైట్ వాళ్లు తమ వివరాలు మార్చారు. అంతే, అబ్బాయి పరీక్ష ఎర్రగా మారింది. అతను రాసిన ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మారలేదు. అందులో తప్పూ లేదు. సరిగ్గా ఆ రోజే అతనేదో చిన్న సవరణ చేసి ఉంటే? తప్పు అక్కడే ఉందనుకుని రాత్రంతా వెతుకుతూ కూర్చుంటాడు!

నెట్టుని నమ్ముకున్న పరీక్ష ఎర్రగా వస్తే నాలుగు కారణాలుండొచ్చు. ఒకటి, ప్రోగ్రాంలో నిజంగానే తప్పుంది. రెండు, మన నెట్టు పోయింది. మూడు, అవతలి వెబ్‌సైట్ పడిపోయింది. నాలుగు, లోకమే మారిపోయింది. వీటిలో రాసినవాడి తప్పు మొదటిదొక్కటే. కానీ ఎర్రరంగు నాలుగింటికీ ఒక్కటే.

మూడోది పెద్ద కంపెనీలకి జరగదులే అనుకోవద్దు. 2021 అక్టోబరు 4 రాత్రి మనదేశంలో తొమ్మిది దాటాక ఫేస్‌బుక్, వాట్సప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ఒకేసారి ఆగిపోయాయి. సుమారు ఆరుగంటలపాటు ప్రపంచమంతా ఫోన్లు ఆపి, ఆన్‌చేసి, 'మా నెట్టే పోయింది' అనుకుంది. అంతటివే పడిపోతే చిన్న వెబ్‌సైట్ల మాటేమిటి?

అసలు ప్రమాదం ఎర్రరంగు కాదు, దానికి అలవాటుపడటం. 'ఆ పరీక్ష అప్పుడప్పుడూ అలాగే వస్తుందిలే, మళ్లీ నడిపించు' అనే మాట ఒక్కసారి మొదలైతే చాలు. ఇక నిజమైన తప్పు వచ్చినా ఎవరూ పట్టించుకోరు. 'నాన్నా పులి' కథలో జరిగిందదే కదా! కారణం లేకుండా ఓసారి పచ్చగా, ఓసారి ఎర్రగా వచ్చే ఇలాంటి పరీక్షల్ని ఇంజినీర్లు 'ఫ్లేకీ టెస్ట్' అని తిట్టుకుంటారు.

కోట తలుపులు మూసేసి...

1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకి పెనుకొండ రాజధాని అయింది. కొండకోట అన్నాక ఓ లెక్కుంటుంది. శత్రువు చుట్టుముడితే తలుపులు మూసేయాలి. లోపలున్న నీళ్లతో, గింజలతోనే నెట్టుకురావాలి. సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో ఈ పద్ధతిని కచ్చితంగా పాటించేది డెబియన్.

1993లో మొదలైన డెబియన్ ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్. మన సీడాక్ తయారుచేసిన 'బాస్' లినక్స్‌కి పునాది అదే. 2023 సెప్టెంబరులో డెబియన్ వాళ్ల ప్రపంచ సమావేశం కొచ్చిలోనే జరిగింది. వాళ్ల నిబంధనల పుస్తకంలో ఓ మాటుంది: ప్రధాన భాండాగారంలోకి వచ్చే ఏ ప్యాకేజీ అయినా తయారయ్యే సమయంలో నెట్టు తొక్కకూడదు. అదే కంప్యూటర్‌లో తాను స్వయంగా ప్రారంభించిన సర్వర్‌తో మాట్లాడుకోవచ్చు, అంతవరకే. ఆ సమయంలో నడిచే పరీక్షలకీ ఇదే రూలు.

ఎందుకింత పట్టుదల? ఇవాళ తయారైన ప్యాకేజీ పదేళ్ల తర్వాతా అలాగే తయారవ్వాలి. అప్పటికి ఆ వెబ్‌సైట్ ఉంటుందన్న హామీ ఏదీ? పైగా తయారీ మధ్యలో బయటినుంచి ఏదో వచ్చి చేరుతుంటే, అందులో ఏం కలిసిందో ఎవరు చూడొచ్చారు? ఇలా బయటివాటిని నమ్ముకుంటే ఏమవుతుందో 2016 మార్చిలో ప్రపంచం చూసింది. 'లెఫ్ట్‌ప్యాడ్' అనే 11 వరుసల ప్యాకేజీని దాని రచయిత నెట్టులోంచి తీసేశాడు. దానిమీద ఆధారపడ్డ వేలాది ప్రాజెక్టులు తయారీ దశలోనే ఆగిపోయాయి. పదకొండంటే పదకొండే వరుసలు!

1997లో మొదలైన క్రాన్ దారి కాస్త వేరు. నెట్టుని వాడుకోవద్దని అది అనదు. 'వాడుకో, కానీ అవతలివైపు నుంచి జవాబు రాకపోయినా, వచ్చింది మారిపోయినా మర్యాదగా ఓ మాట చెప్పి ఆగు. పరీక్షలో ఎర్రరంగు మాత్రం చూపించొద్దు' అంటుంది. క్రాన్ తన దగ్గరున్న ప్యాకేజీలన్నిటినీ రకరకాల కంప్యూటర్ల మీద పదేపదే పరీక్షిస్తుంటుంది. ఎక్కడో ఓ వెబ్‌సైట్ కాసేపు ఆగితే చాలు, రాసినవాళ్లకి ఉత్తరం వస్తుంది. గడువులోగా సరిచేయకపోతే ప్యాకేజీని వాడుకలోంచి తీసి పాతవాటి అటకెక్కిస్తారు. దానిమీద ఆధారపడ్డ ఇతర ప్యాకేజీలకీ చిక్కే. ఏళ్లతరబడి ఖాళీ సమయంలో రాసుకున్న పని, తనది కాని తప్పుకి కనుమరుగవడం ఎంత బాధ!

డూపు... క్యాసెట్టు... సద్దిమూట

మరి నెట్టుతోనే పనిచేసే ప్రోగ్రాంని నెట్టు లేకుండా పరీక్షించడం ఎలా? దారులు చాలానే ఉన్నాయి.

మొదటిది విడదీయడం. మన పిన్‌కోడ్ ప్యాకేజీ చేసే పనులు రెండు. నెట్టులోంచి జవాబు తేవడం ఒకటి. తెచ్చిన జవాబులోంచి ఊరినీ జిల్లానీ ఏరుకోవడం రెండోది. రెండో పనికి నెట్టుతో సంబంధమే లేదు. ఓ నమూనా జవాబుని ప్యాకేజీలోనే దాచిపెట్టుకుంటే చాలు. పొలానికెళ్లేవాళ్లు సద్దిమూట కట్టుకెళ్లినట్టన్నమాట! తప్పులు ఎక్కువగా దొర్లేది ఈ ఏరుకునే పనిలోనే కాబట్టి, సగం పరీక్షలు ఇక్కడే తేలిపోతాయి.

రెండోది డూపు. ఎన్టీఆర్‌ని మూడుసార్లు అసెంబ్లీకి పంపిన హిందూపురానికి డూపు గురించి చెప్పాలా? మేడమీంచి దూకే సీన్లో హీరో బదులు డూపు దూకుతాడు. అలాగే అసలు వెబ్‌సైట్ బదులు ఓ ఉత్తుత్తి సర్వర్‌ని అదే కంప్యూటర్‌లో నిలబెడతారు. దాని చిరునామా 127.0.0.1. ఏ కంప్యూటర్‌కైనా 'నేనే' అని అర్థం. డూపుతో గొప్ప సౌకర్యమేమిటంటే, దాంతో దెబ్బలు తినిపించొచ్చు. 'ఇప్పుడు పడిపోయినట్టు నటించు', 'జవాబు సగంలో ఆపెయ్', 'నిమిషంపాటు పలక్కు' అని చెప్పొచ్చు. అసలు వెబ్‌సైట్‌ని అలా అడగలేం కదా. జనాన్ని ఇబ్బందిపెట్టేవి సరిగ్గా ఈ సందర్భాలే.

మూడోది క్యాసెట్టు. టేప్‌రికార్డర్ల కాలం గుర్తుందా? పాట ఒకసారి రికార్డు చేసుకుంటే రేడియోతో పనిలేదు. 2010లో రూబీ అనే కంప్యూటర్ భాషలో సరిగ్గా ఈ పనికే ఓ ప్యాకేజీ వచ్చింది. దాని పేరే 'వీసీఆర్'. అది దాచే ఫైళ్ల పేరు 'క్యాసెట్'లే! మొదటిసారి పరీక్ష నిజంగా నెట్టులోకి వెళ్తుంది. అడిగిన ప్రశ్ననీ వచ్చిన జవాబునీ వీసీఆర్ రికార్డు చేస్తుంది. రెండోసారి నుంచీ క్యాసెట్టే. ఈ ఆలోచన నచ్చి పైథాన్, ఆర్ భాషలవాళ్లూ ఇలాంటివి తయారుచేసుకున్నారు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. పాస్‌వర్డులు, రహస్య తాళాలు కూడా క్యాసెట్టులోకి ఎక్కేస్తాయి. వాటిని చెరిపేయకుండా నలుగురికీ పంచితే ఇంటి తాళంచెవిని గుమ్మానికి వేలాడదీసినట్టే.

వీటన్నిటివల్లా సమయమూ మిగులుతుంది. వెయ్యి పరీక్షలు ఒక్కోటీ నెట్టు కోసం అరసెకను ఆగితే 500 సెకన్లు, అంటే ఎనిమిది నిమిషాలపైనే. రోజుకి ఇరవైసార్లు నడిపించేవాడి సంగతి ఆలోచించండి. ఊళ్లో ఫోన్ డేటాతో నేర్చుకునే బీటెక్ విద్యార్థికైతే డబ్బూ మిగులుతుంది. నడిపిన ప్రతిసారీ ఫైళ్లు దించుకునే పరీక్షలు ఆ రోజు కోటాని మధ్యాహ్నానికే తాగేస్తాయి.

క్యాసెట్టు పాత పాటే పాడితే?

ఇంత చెప్పాక 'అయితే నెట్టుని పూర్తిగా మరిచిపోవచ్చు' అనిపిస్తుంది. అక్కడే ఉంది తిరకాసు!

పిన్‌కోడ్ అబ్బాయి 2021లో క్యాసెట్టు రికార్డు చేసుకున్నాడనుకోండి. అందులో '515201, హిందూపురం, అనంతపురం జిల్లా' అనే ఉంటుంది. 2022 ఏప్రిల్ వచ్చి వెళ్లినా క్యాసెట్టు ఆ పాటే పాడుతుంది. పరీక్ష పచ్చగానే ఉంటుంది. జిల్లా పేరు మారినంత వరకు పర్వాలేదు. వెబ్‌సైట్ వాళ్లు జవాబు ఇచ్చే పద్ధతే మార్చేస్తే? పరీక్షలన్నీ పచ్చ... ప్యాకేజీ వాడే దుకాణంలో మాత్రం అన్నీ తప్పులే! ఇందాక తప్పు లేకపోయినా ఎరుపొచ్చింది. ఇప్పుడు తప్పున్నా పచ్చొస్తోంది. ఈ రెండోదే ఎక్కువ చేటు. ఎరుపొస్తే కనీసం ఎవరో ఒకరు చూస్తారు.

అందుకే అనుభవజ్ఞులు పరీక్షల్ని రెండు గంపలుగా విడగొడతారు. మొదటి గంపలోవి నెట్టు లేనివి. ప్రతి మార్పుకీ అవి నడవాల్సిందే, ఎరుపొస్తే పని ఆగాల్సిందే. రెండో గంపలో నిజంగా నెట్టులోకి వెళ్లేవి కొన్ని ఉంటాయి. రోజుకోసారో వారానికోసారో వాటిని వేరుగా నడుపుతారు. అక్కడ ఎరుపొస్తే 'ప్రోగ్రాం చెడింది' అని కాదు, 'బయటేదో మారింది, చూడండి' అని అర్థం. చూసి, అవసరమైతే క్యాసెట్టు కొత్తగా రికార్డు చేసుకుంటారు.

వికీపీడియా ఇందుకు మంచి ఉదాహరణ. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా సహా అన్ని భాషల వికీపీడియాల్లోనూ పదేపదే చేయాల్సిన సవరణల్ని 'బాట్'లనే ప్రోగ్రాములు చేస్తుంటాయి. వాటిని రాయడానికి ఎక్కువమంది వాడేది 'పైవికీబాట్'. దాని పరీక్షల మీద 'నెట్టు కావాలి', 'అక్కర్లేదు' అని చీటీ అంటించి ఉంటుంది. పేజీల్లో రాసి చూడాల్సివస్తే అసలు వికీపీడియా జోలికెళ్లకుండా 'టెస్ట్ వికీపీడియా' అని విడిగా ఓ సైటే ఉంది. డెబియన్‌లోనూ ఇలాంటి ఏర్పాటుంది. ప్యాకేజీ తయారయ్యాక జరిపే పరీక్షల్లో నెట్టు తప్పనిసరైనవాటికి ఆ మాట ముందే రాసిపెట్టాలి.

ఉన్నట్టే ఉండి లేని నెట్టు

చాలామంది ఓ సులువైన దారి తొక్కుతారు. పరీక్ష మొదట్లోనే 'నెట్టు ఉందా?' అని చూడటం, లేకపోతే ఆ ప్రశ్నని దాటేయడం. ఇది తప్పు కాదు. ఆర్ భాషలో ఇందుకు తయారుగా ఆదేశం కూడా ఉంది. కానీ రెండు చిక్కులున్నాయి.

ఒకటి, 'నెట్టు ఉందా' అన్న ప్రశ్నకి జవాబు అంత తేలిక కాదు. రైల్వేస్టేషన్ వైఫైనే తీసుకోండి. ఫోన్‌లో గీతలన్నీ నిండుగా కనిపిస్తాయి. కానీ ఫోన్ నంబరిచ్చి ఓటీపీ కొట్టేదాకా ఏ సైట్ అడిగినా లాగిన్ పేజీయే ఎదురొస్తుంది. ప్రోగ్రాం దాన్నే జవాబనుకుంటుంది. హిందూపురం జిల్లా ఏదని అడిగితే 'మీ మొబైల్ నంబర్ ఎంటర్ చేయండి' అనే జవాబు! కాబట్టి జవాబు వచ్చిందా అన్నది చాలదు. వచ్చింది తాను అడిగినదేనా అనీ చూసుకోవాలి.

రెండు, దాటేసిన పరీక్ష పాసైన పరీక్ష కాదు. దాటేయడం అలవాటైతే ఆ ప్రశ్న ఏ కంప్యూటర్‌లోనూ, ఏ రోజూ అడగకుండానే ఏళ్లు గడిచిపోతాయి. అందుకే ఎన్ని దాటేశారో చివర్లో లెక్క కనిపించాలి. ఎక్కడో ఒకచోట అవి కచ్చితంగా నడుస్తుండాలి.

అన్నిటికన్నా ముఖ్యమైంది మరోటుంది. నెట్టు లేనప్పుడు ప్రోగ్రాం ఏమంటుందన్నదే ఒక పరీక్ష కావాలి. అంతులేకుండా గిరగిరా తిరుగుతూ కూర్చోకూడదు. ఇంతసేపే ఎదురుచూస్తానని గడువు పెట్టుకోవాలి. గడువు దాటితే 'వెబ్‌సైట్ నుంచి జవాబు రాలేదు, కాసేపాగి ప్రయత్నించండి' అని అర్థమయ్యే భాషలో చెప్పాలి. మనిషి అప్పటిదాకా నింపిన వివరాలు పోకూడదు. దీన్ని పరీక్షించడానికి నెట్టు తీగ పీకక్కర్లేదు. 'డాట్ ఇన్‌వాలిడ్' అనే చివర ఉన్న చిరునామాలు ఎప్పటికీ ఎవరికీ ఇవ్వకూడదని 1999లోనే ఇంటర్నెట్ పెద్దలు పక్కన పెట్టేశారు. ఆ చిరునామాకి పంపితే జవాబు రాదన్నది ముందే తెలుసు. అప్పుడు ప్రోగ్రాం మర్యాదగా మాట్లాడిందో లేదో చూసుకోవడమే.

తప్పు తనది కానప్పుడు పరీక్ష ఎర్రబడకూడదు. లోకం మారినప్పుడు పచ్చగా నవ్వుతూ ఊరుకోనూకూడదు. నెట్టు పరీక్షల విద్య అంతా ఈ రెండు మాటల్లోనే ఉంది. ఈసారి పండక్కి రైలు దిగి ఇంటికొచ్చే మీ టెస్టింగ్ అబ్బాయినో అమ్మాయినో ఓ మాట అడిగి చూడండి: 'వైఫై ఆపేస్తే నీ పరీక్షలు నడుస్తాయా?' అని. వాళ్లు తెల్లమొహం వేస్తే... సెలవుల్లో చేయడానికి వాళ్లకో పని దొరికినట్టే!